తెర సైజు చూసి ఫిష్ ఫైండర్ కొనొద్దు

చిన్న పడవకు జీపీఎస్, నీళ్ల కింద చేపలనూ నేలనూ చూపించే ఫిష్ ఫైండర్ కొందామని బయల్దేరినవాళ్లు ముందుగా అడిగేది తెర ఎన్నంగుళాలు అని. అమ్మేవాళ్లకూ అదే కావాలి, ఎందుకంటే ధర ఎక్కేది ఆ అంగుళాల మీదే. నన్నడిగితే అది చిట్టచివర అడగాల్సిన ప్రశ్న. తెర తనంతట తాను ఏమీ చూడదు. నీళ్లలో మునిగి ఉండి, శబ్దం పంపి ప్రతిధ్వని వినే అరచేతంత ట్రాన్స్‌డ్యూసర్ ఏది వింటే తెర అది గీసి చూపిస్తుంది, అంతే. ఆ ట్రాన్స్‌డ్యూసర్ మీరు తిరిగే నీళ్లకు సరిపోయేదై, సరైన చోట బిగించి ఉండి, కరెంటు నిలకడగా అందుతుంటే చవక తెర కూడా బాగా పనికొస్తుంది. వీటిలో ఏది తేడా కొట్టినా ఎంత ఖరీదైన తెర మీదైనా చుక్కలూ గీతలే మిగులుతాయి.

పైగా ఇప్పుడు అన్నీ కలిపి ఒకే డబ్బాలో ఇస్తున్నారు. జీపీఎస్, మ్యాపు, శబ్దంతో నీళ్ల లోపల చూసే సోనార్ రెండు మూడు రకాలు, ఫోన్‌తో కలిపే వైఫై. దాంతో దేనికి డబ్బు కడుతున్నామో తెలియకుండా పోతోంది. నిజానికి అందులో ఉన్నవి ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు పనులు. పడవ ఎక్కడుందో చెప్పడం ఒకటి. అది ఆకాశం నుంచి వచ్చే రేడియో సంకేతాలతో నడుస్తుంది. పడవ కింద ఏముందో చెప్పడం రెండోది. అది నీళ్లలోకి పంపిన శబ్దం తిరిగొచ్చే తీరును బట్టి తెలుస్తుంది. మొదటిది ఈ రోజుల్లో దాదాపు ఉచితం. బడ్జెట్ గురించి బుర్ర పెట్టాల్సింది రెండోదాని దగ్గరే.

ఎక్కడున్నాం అన్నది

పౌరులకు అందే జీపీఎస్ సంకేతాన్ని అమెరికా ఒకప్పుడు కావాలనే మసకబార్చి ఇచ్చేది. 2000 మే నెలలో ఆ పద్ధతి ఎత్తేసేదాకా మామూలు రిసీవర్‌లో 100 మీటర్ల దాకా తేడా వచ్చేది. ఇప్పుడు జేబులో ఉండే ఫోనే ఆరుబయట ఐదారు మీటర్ల తేడాతో చోటు చెప్పేస్తోంది. జీపీఎస్‌తో పాటు రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో, చైనా బేడౌ ఉపగ్రహాలను కూడా చాలా ఫోన్లు అందుకుంటాయి. అందుకే డబ్బా మీద జీపీఎస్ కచ్చితత్వం గురించి ఏం రాసి ఉన్నా దాని కోసం అదనంగా ఖర్చు పెట్టక్కర్లేదు.

సిగ్నల్ లేని చోట ఫోన్‌లో జీపీఎస్ రాదని చాలామంది అనుకుంటారు. వస్తుంది. ఉపగ్రహాల నుంచి సంకేతం అందుకోవడానికి ఫోన్ టవర్‌తో పని లేదు. టవర్ ఉంటే మొదటిసారి చోటు పట్టుకోవడం త్వరగా అవుతుంది, లేకపోతే కాసేపు పడుతుంది. నెట్ లేకపోతే రానిది మ్యాపు. దాన్ని ఒడ్డున ఉండగానే డౌన్‌లోడ్ చేసుకుంటే సరి.

మరి ఫోనే సరిపోతుందా అంటే, ఒడ్డు కనిపించే దూరంలో పగటిపూట తిరిగేవాళ్లకు సరిపోతుంది. నీళ్లు చొరని సంచి, పవర్ బ్యాంక్, ఆఫ్‌లైన్ మ్యాపు ఉంటే మొదట్లో అంతకన్నా అక్కర్లేదు. ఒడ్డు కనుమరుగయ్యేంత దూరం వెళ్లేవాళ్లకు మాత్రం ఫోన్ ఒక్కటే ఆధారమైతే కష్టం. ఎండ దంచితే ఫోన్ వేడెక్కి వెలుతురు తగ్గించుకుంటుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. తడి వేలు పెడితే టచ్ మాట వినదు. సరిగ్గా అవసరమైనప్పుడే ఇవన్నీ జరుగుతాయి, ఎందుకంటే అవసరం పడేది కూడా ఎండలోనో వానలోనో. అలాంటివాళ్లకు పడవకు బిగించిన చార్ట్‌ప్లాటర్, అంటే పడవ ఉన్న చోటును చార్టు (నీళ్ల మ్యాపు) మీద చూపించే మెషిన్ ముఖ్యం, ఫోన్ దానికి తోడు. పెన్సిల్ సెల్స్‌తో నడిచే చేతి జీపీఎస్ పాత మోడల్ అయినా సరే, తోడుగా ఉంచుకోవడానికి ఫోన్ కన్నా నయం.

జీపీఎస్‌కు ఒక లోపం ఉంది. పడవ కదులుతున్నంతసేపే అది దిక్కు చెప్పగలదు. ఆగిన పడవ ముక్కు ఎటు తిరిగి ఉందో దానికి తెలియదు, అందుకే అప్పుడు తెర మీద బాణం గిర్రున తిరుగుతూ ఉంటుంది. పొగమంచులో ఇంజన్ ఆగిపోయిందంటే దిక్సూచి విలువ అప్పుడు తెలుస్తుంది. అది చాలా చవక, బ్యాటరీ అడగదు. ఎలక్ట్రానిక్స్ గురించి రాస్తూ దీన్ని ఎందుకు కలిపానంటే, చాలామంది ప్లాటర్ రాగానే దిక్సూచి పీకేస్తున్నారు కాబట్టి.

ఇక మ్యాపు. చోటు కచ్చితంగా తెలిసినంత మాత్రాన ఆ చోట ఏముందో తెలిసినట్టు కాదు. దీనికి అందరూ తెలుసుకోవాల్సిన ఉదాహరణ 2014లో జరిగింది. ప్రపంచాన్ని చుట్టివచ్చే వోల్వో ఓషన్ రేసులో టీమ్ వెస్టాస్ విండ్ అనే తెరచాప పడవ నవంబర్ 29 రాత్రి హిందూ మహాసముద్రంలో, మారిషస్‌కు ఈశాన్యంగా ఉన్న కార్గడోస్ కారాజోస్ పగడపు దిబ్బల మీదికి వేగంగా వెళ్లి కొట్టుకుంది. తొమ్మిదిమందీ ప్రాణాలతో బయటపడ్డారు. పడవలో మంచి జీపీఎస్ ఉంది, ఎలక్ట్రానిక్ చార్టు ఉంది, తర్ఫీదైన నావిగేటర్ ఉన్నాడు. కానీ వాళ్లు చూస్తున్న జూమ్‌లో ఆ దిబ్బలు ప్రమాదకరంగా కనబడలేదు. బాగా దగ్గరికి జూమ్ చేస్తేనే అవి తేలతాయి. దూరం నుంచి చూసినప్పుడు తెర గజిబిజి కాకుండా సాఫ్ట్‌వేర్ కొన్ని వివరాలను దాచేస్తుంది. ఇప్పుడు వస్తున్న చవక ప్లాటర్లూ, ఫోన్ యాప్‌లూ కూడా ఇదే పద్ధతిలో పనిచేస్తాయి. కాబట్టి వెళ్లబోయే దారినంతా ముందురోజే దగ్గర జూమ్‌లో ఆ చివర నుంచి ఈ చివర దాకా జరుపుతూ చూసుకోవాలి. ఐదంగుళాల తెర మీద ఆ పని చిరాకు పుట్టిస్తుంది, అందుకే ఫోన్‌లోనో ట్యాబ్‌లోనో ఇంట్లో కూర్చుని చేసుకోవడం మేలు.

చార్టులో రాసి ఉండే లోతు కూడా సాధారణంగా బాగా పాటున్నప్పటి మట్టం నుంచి లెక్కించినది. పోటు మీద ఉన్నప్పుడు నిజమైన లోతు అంతకన్నా ఎక్కువే ఉంటుంది. చాలా చోట్ల ఆ అంకెల వెనకున్నవి దశాబ్దాల కిందటి సర్వేలు. ఇసుక కదిలే నదీ ముఖాల్లో వాటిని నమ్ముకోకూడదు.

కొనేముందు ఒక్క సంగతి తేల్చుకోండి: మీరు తిరిగే నీళ్లకు ఆ కంపెనీ మెషిన్‌లో పనిచేసే వివరమైన చార్టు అసలు ఉందా, దాని ధర కలిసే ఉందా, విడిగా కొనాలా? చాలా మెషిన్లలో ముందే ఉండే బేస్ మ్యాపులో ఒడ్డు గీత తప్ప పెద్దగా ఏమీ ఉండదు. చెరువుల్లో, రిజర్వాయర్లలో తిరిగేవాళ్లకు చార్టులు దొరకడమే కష్టం. వాళ్లు తిరుగుతూ తిరుగుతూ సొంత లోతు మ్యాపు గీసుకునే సౌకర్యం ఉన్న మెషిన్ చూసుకోవాలి. గార్మిన్‌లో దాన్ని క్విక్‌డ్రా అంటారు, హమ్మిన్‌బర్డ్‌లో ఆటోచార్ట్. అది ఉంటే చార్టు ఖర్చు మిగిలినట్టే.

కింద ఏముందన్నది

నీళ్లలో శబ్దం సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది. 30 మీటర్ల లోతున నేలను తాకి వెనక్కి రావడానికి సెకనులో 25వ వంతు పడుతుంది. ట్రాన్స్‌డ్యూసర్ చేసేదల్లా ఒక శబ్దం పంపి, మౌనంగా ఉండి, ప్రతిధ్వని ఎంతసేపటికి, ఎంత బలంగా వచ్చిందో చూసుకోవడం. ఆ శబ్దం టార్చి వెలుగులా కిందికి పోయేకొద్దీ వెడల్పవుతుంది. అది ఎంత వెడల్పుగా పోతుందన్న సంగతే మీరు ఏం కొనాలో నిర్ణయిస్తుంది. 20 డిగ్రీల కోణంలో శబ్దం పంపే ట్రాన్స్‌డ్యూసర్ 2 మీటర్ల నీళ్లలో చూసేది 70 సెంటీమీటర్ల వెడల్పే. 10 మీటర్ల లోతులో అది మూడున్నర మీటర్లు, 30 మీటర్లలో పదిన్నర. లోతు తక్కువ నీళ్లలో పడవ కింద తప్ప ఏమీ కనబడదన్నమాట, అక్కడున్న చేప ఎలాగూ పడవ చప్పుడుకే తప్పుకుంటుంది. లోతు ఎక్కువైతే మరో ఇబ్బంది. పది మీటర్ల వెడల్పులో ఎక్కడున్న చేపనైనా అది పడవకు సరిగ్గా కిందే ఉన్నట్టు చూపిస్తుంది. వాలు నేల ఉన్న చోట వెడల్పు కోణం ముందుగా ఎత్తయిన చోటునే తాకుతుంది, దాని పక్క పల్లంలో నేలకు ఆనుకుని ఉన్న చేపలు ఆ నేల ప్రతిధ్వనిలోనే కలిసిపోతాయి.

ఫ్రీక్వెన్సీ సంగతి ఇక్కడే వస్తుంది. 200 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల ఉండేది కోణం సన్నగా, వివరం ఎక్కువగా ఇస్తుంది కానీ మరీ లోతుకు పోలేదు. 50 కిలోహెర్ట్జ్ లోతుకు పోతుంది, వెడల్పుగా పోతుంది, వివరం తగ్గుతుంది. యాభై అరవై మీటర్ల లోపు తిరిగే చిన్న పడవకు మొదటిది చాలు. వందల మీటర్ల లోతులో వేటాడేవాళ్లకే రెండోది అవసరం, అప్పుడు ట్రాన్స్‌డ్యూసర్ కూడా పెద్దదే కావాలి, ఖర్చు కూడా అలాగే పెరుగుతుంది. చిర్ప్ అని రాసి ఉండేవి ఒకే ఫ్రీక్వెన్సీకి బదులు కొంత మేర కింది నుంచి పైకి జారే శబ్దం పంపుతాయి. దానివల్ల దగ్గరదగ్గరగా ఉన్న రెండు చేపలు విడివిడిగా కనిపిస్తాయి. ఇప్పుడు చవక మోడల్స్‌లో కూడా ఇది వస్తోంది కాబట్టి తీసుకోవడమే మంచిది.

వాట్ల దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండాలి. డబ్బా మీద 4000 వాట్లు అని పెద్దక్షరాల్లో ఉంటుంది, పక్కన చిన్నగా పీక్ టు పీక్ అని ఉంటుంది. దాన్ని ఎనిమిదితో భాగిస్తే వచ్చే 500 వాట్లే ఆర్‌ఎంఎస్, అంటే సగటు శక్తి లెక్క, అసలు పోల్చుకోవాల్సింది దాన్నే. ఒక కంపెనీ పీక్ రాసి ఇంకో కంపెనీ ఆర్‌ఎంఎస్ రాస్తే రెండోది చచ్చుదిలా అనిపిస్తుంది. అలాగే ఎంత లోతుదాకా చూస్తుందని రాసే అంకె సాధారణంగా మంచినీళ్లలో అన్నీ కలిసొచ్చినప్పటిది. సముద్రపు నీళ్లలో కరిగి ఉండే మెగ్నీషియం సల్ఫేట్ ఈ ఫ్రీక్వెన్సీల శబ్దాన్ని బాగా పీల్చేసుకుంటుంది. సముద్రం మీదికి వెళ్లేవాళ్లు ఆ అంకెను గట్టిగా తగ్గించి చూసుకోవాలి.

డౌన్ ఇమేజింగ్, సైడ్ ఇమేజింగ్ అనేవి 455, 800 కిలోహెర్ట్జ్ లాంటి ఎక్కువ ఫ్రీక్వెన్సీలతో, సన్నటి పలక లాంటి శబ్దంతో గీసే బొమ్మలు. మునిగిన చెట్టు కొమ్మలు, రాళ్లు, పాత పడవల శిథిలాలు ఫొటో తీసినట్టు కనబడతాయి. వాటి చుట్టూ చేరే చేపలు పట్టేవాళ్లకు ఇది నిజంగా ఉపయోగం, ముఖ్యంగా లోతు తక్కువ నీళ్లలో సైడ్ ఇమేజింగ్. అయితే పడవ నెమ్మదిగా, నిలకడగా, తిన్నగా పోతుంటేనే ఆ బొమ్మ కుదురుతుంది. లంగరేసి కూర్చుని పట్టేవాళ్లు దీనికి డబ్బు పెట్టడం దండగ. నడి నీళ్లలో తిరిగే గుంపుల వెంట పోయేవాళ్లకూ అంతే. చేప ఈదుతుండగానే వీడియోలా చూపించే లైవ్ సోనార్లు 2018 నుంచి బాగా ప్రచారంలోకి వచ్చాయి. మిగతా సరంజామా అంతా కలిపినా దాని ఒక్కదాని ఖరీదు రాకపోవచ్చు. తక్కువ బడ్జెట్ అన్నాక దాని జోలికి వెళ్లొద్దు.

తెరను చదవడం రాకపోతే ఏది కొన్నా ఒకటే కాబట్టి ఇంకాస్త చెప్పాలి. తెర కుడి అంచు ఒక్కటే ఈ క్షణం. మిగతాదంతా ఇంతకుముందు జరిగినది, ఎడమకు జరిగిపోతూ ఉంటుంది. అడ్డంగా కనిపించేది కాలమే, దూరం కాదు. చేప కోణం అంచులోకి వచ్చినప్పుడు కాస్త దూరంలో ఉంటుంది, మధ్యకు వచ్చేసరికి దగ్గరవుతుంది, దాటిపోతూ మళ్లీ దూరమవుతుంది. అందుకే పడవ కదులుతుంటే చేప విల్లు ఆకారంలో కనిపిస్తుంది. పడవ ఆగి, కింద ఒక చిన్న చేప కదలకుండా నిలబడితే అదే పొడుగాటి గీతగా సాగుతుంది. పొడవు చూసి పెద్ద చేప అనుకోకూడదు. గీత ఎంత మందంగా, ఎంత ముదురు రంగులో ఉందన్నదే చూడాలి. దానిలో కూడా ఒక మెలిక ఉంది. ప్రతిధ్వనిని ఎక్కువగా ఇచ్చేది చేప కండ కాదు, పొట్టలో ఉండే గాలి సంచి. అట్లాంటిక్ మ్యాకెరెల్, సొరచేపల్లాంటి వాటికి ఆ సంచి ఉండదు. అవి ఎంత పెద్దవైనా వెలసిపోయినట్టు కనిపిస్తాయి.

నేల కూడా చాలా చెబుతుంది. రాయి, గట్టి ఇసుక అయితే నేల గీత మందంగా, వెలుగుతూ ఉంటుంది, చాలాసార్లు రెట్టింపు లోతులో రెండో గీత కూడా పడుతుంది. శబ్దం నేల నుంచి నీటి ఉపరితలానికి తగిలి మళ్లీ కిందికి వెళ్లి రావడం వల్ల పడేదే అది. మెత్తటి బురదైతే గీత పలచగా, మసకగా ఉంటుంది. ముద్దొచ్చే చేప బొమ్మలు చూపించే ఫిష్ ఐడీని ఆపేయండి. నీటి బుడగలకూ, ఆకు చెత్తకూ కూడా అది చేప బొమ్మ పెట్టేస్తుంది.

బిగింపు, బ్యాటరీ

ట్రాన్స్‌డ్యూసర్‌కు బద్ధ శత్రువు గాలి బుడగ. పడవ వెనక పలకకు బిగించే రకమే చిన్న పడవలకు చవక, తేలిక. దాన్ని ప్రొపెల్లర్‌కు దూరంగా, పడవ అడుగున ఉండే గట్లూ బోల్టుల వెనకాల కాకుండా, నీళ్లు నునుపుగా జారే చోట పెట్టాలి. దాని ముఖం పడవ అడుగు కన్నా కొంచెమే కిందికి దిగి ఉండాలి. వేగం పెంచగానే లోతు అంకె పోతోందంటే మెషిన్ పాడైందని అనుకునే ముందు ఈ బిగింపునే అనుమానించాలి. ట్రాన్స్‌డ్యూసర్‌ను ఓ సెంటీమీటరు దించి చూస్తే చాలాసార్లు కుదురుతుంది.

పడవకు కన్నం పెట్టడం ఇష్టం లేనివాళ్లు గట్టి ఫైబర్‌గ్లాస్ పడవలో లోపలి వైపే అంటించే రకం వాడొచ్చు. మధ్యలో నురగో చెక్కో ఉన్న ఫైబర్‌గ్లాస్‌లో గానీ, చెక్క, లోహపు పడవల్లో గానీ అది పనిచేయదు. పనిచేసే చోట కూడా శబ్దం బలం కొంత పోతుంది, ఉష్ణోగ్రత సరిగా చెప్పదు, ఇమేజింగ్ రాదు. కన్నం పెట్టి బిగించే రకమైతే దేనితో చేసిందో చూడాలి. అల్యూమినియం, ఉక్కు పడవలకు కంచుది బిగిస్తే పడవ లోహాన్ని తుప్పు తినేస్తుంది. చెక్క పడవకు ప్లాస్టిక్‌ది పెడితే చెక్క ఉబ్బి దాన్ని పగలగొట్టగలదు. కయాక్ లాంటి వాటికి నీళ్లలోకి విసిరి ఫోన్‌లో చూసుకునే తేలే సోనార్లు కూడా ఉన్నాయి. కరెంటు తీగల బాధ లేదు, కానీ ఫోన్ గురించి పైన చెప్పిన కష్టాలన్నీ దీనికీ ఉన్నాయి.

బ్యాటరీ లెక్క చిన్నదే. ఏడంగుళాల మెషిన్ వెలుతురు పూర్తిగా పెడితే గంటకు ఒక ఆంపియర్-అవర్ చుట్టుపక్కల తాగుతుంది. 7 ఆంపియర్-అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీలో, దాని ఆయుష్షు తగ్గకుండా వాడుకోగలిగింది సగమే, అంటే మూడున్నర గంటలు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే బరువు తక్కువ, ఎక్కువ భాగం వాడుకోవచ్చు. ఇంజన్ స్టార్ట్ చేసే బ్యాటరీకే కలిపితే తాళం తిప్పిన ప్రతిసారీ వోల్టేజీ పడిపోయి మెషిన్ ఆరి వెలుగుతుంది, తెర మీద ఇంజన్ గీతలు కూడా పడతాయి. విడిగా చిన్న బ్యాటరీ పెట్టి, దాని దగ్గరే ఫ్యూజు వేస్తే ఈ టెన్షన్ ఉండదు.

తీగల మీద నిర్లక్ష్యం ఎంతదాకా పోతుందో 1995 జూన్‌లో రాయల్ మెజెస్టీ అనే విహార నౌక చూపించింది. బెర్ముడా నుంచి బోస్టన్‌కు బయల్దేరిన కాసేపటికే దాని జీపీఎస్ యాంటెన్నా తీగ ఊడిపోయింది. మెషిన్ ఆగలేదు. ఉపగ్రహాలు అందకపోయేసరికి వేగాన్నీ దిక్కునూ బట్టి చోటును అంచనా కట్టడం మొదలుపెట్టింది, ఆ సంగతి తెర మీద రెండు చిన్న అక్షరాలతో చెప్పి ఊరుకుంది. ఒకటిన్నర రోజు ఎవరూ గమనించలేదు. దారి నుంచి 17 మైళ్లు పక్కకు జరిగి నాంటుకెట్ దగ్గర ఇసుక దిబ్బ ఎక్కింది. లోతు తగ్గితే మోగాల్సిన అలారం సున్నా దగ్గర పెట్టి ఉంది. చిన్న పడవలో ఇదే జరగడానికి ఓ పచ్చబారిన కనెక్టర్ చాలు. ఉపగ్రహాల పేజీ ఎక్కడుంటుందో తెలుసుకుని బయల్దేరే ముందు ఓసారి చూడండి, లోతు అలారం నిజమైన అంకెతో పెట్టుకోండి.

కొనే చోట

బడ్జెట్ బిగుతుగా ఉంటే ముందు పడవల మధ్య మాట్లాడుకునే వీహెచ్‌ఎఫ్ రేడియో, తర్వాతే ఫిష్ ఫైండర్. ఫోన్‌లో ఒక్కరితోనే మాట్లాడగలం, 16వ ఛానెల్‌లో పిలిస్తే చుట్టుపక్కల పడవలన్నీ వింటాయి. చేతి సెట్ 5 వాట్లు, బిగించేది 25, లైసెన్సు రూలు దేశాన్ని బట్టి మారుతుంది. పెద్ద ఓడలు తిరిగే దారుల్లో వేటాడేవాళ్లకు ఓడలు తామెక్కడున్నాయో చెబుతూ పంపే ఏఐఎస్ సంకేతాలు అందుకునే సౌకర్యం పనికొస్తుంది, కాకపోతే చిన్న పడవలు చాలావరకు అందులో కనబడవు. రాడార్ ఊసు ఇక్కడ అనవసరం.

సెకండ్ హ్యాండ్‌లో మంచి బేరాలే దొరుకుతాయి, ట్రాన్స్‌డ్యూసర్ తీగతో సహా ఇస్తేనే. ఒకే కంపెనీలో కూడా మోడల్‌ను బట్టి కనెక్టర్ పిన్నులు మారతాయి. తెర ఒక్కటే చవగ్గా వచ్చిందని కొంటే దానికి తగ్గ ట్రాన్స్‌డ్యూసర్ ధర కొత్త సెట్టు దగ్గరికి చేరొచ్చు. తీగ కోసి అతికినదైతే వద్దు. తెరను ఎండలో పెట్టి చూడాలి, పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు అవి పెట్టుకునే చూడాలి, కొన్ని తెరలు ఒక కోణంలో పూర్తిగా నల్లబడిపోతాయి. మ్యాపు, సోనార్ పక్కపక్కన పెట్టి చూసే అలవాటుంటే అప్పుడు అంగుళాల గురించి అడగండి. ఐదంగుళాల్లో రెండూ ఇరుకే, ఏడులో కుదురుతుంది.

బిగించాక మొదటి రోజు చేయాల్సిన పని ఒకటుంది. నీళ్లు నిలకడగా ఉన్న చోట తాడుకు బరువు కట్టి లోతు కొలిచి, మెషిన్ అంకెతో పోల్చండి. మెషిన్ లెక్క ట్రాన్స్‌డ్యూసర్ ముఖం నుంచి మొదలవుతుంది, నీటి మట్టం నుంచి కాదు. సెట్టింగ్స్‌లో కీల్ ఆఫ్‌సెట్ అని ఉంటుంది. అక్కడ ట్రాన్స్‌డ్యూసర్‌కూ నీటి మట్టానికీ ఉన్న దూరం కలిపితే నీటి మొత్తం లోతు చూపిస్తుంది, ట్రాన్స్‌డ్యూసర్‌కూ పడవ అడుగుకూ ఉన్న దూరం తీసేస్తే పడవ అన్నిటికన్నా కింది భాగానికి దిగువన ఎంత నీరు మిగిలిందో చూపిస్తుంది. ఏ పద్ధతి పెట్టారో తెర పక్కనే ఓ చీటీ రాసి అంటించండి, మీ పడవను ఇంకొకరు నడిపిన రోజున వాళ్లు ఆ అంకెను తప్పుగా అర్థం చేసుకోకుండా ఉంటారు.